బాగున్న కుక్కలకు బాగాలేని పిల్లలు ఎందుకు పుడతాయి?

నాకు తెలిసిన ఒకావిడ లాబ్రడార్లు పెంచుతుంది. పెద్ద వ్యాపారమేమీ కాదు. ఇంట్లో ఒక ఆడకుక్క, రెండేళ్లకో ఈత, అంతే. మగకుక్క కోసం ఆవిడ చాలానే తిరిగింది. చివరికి షోలలో బహుమతులు గెలిచిన నాలుగేళ్ల కుక్క ఒకటి నచ్చింది. ఒళ్లు నిగనిగలాడుతూ ఉండేది, పుట్టిన దగ్గర్నుంచి టీకాలు తప్ప మందు ఎరగదు. ఈవిడ దగ్గరున్న ఆడదీ అలాంటిదే. క్రాసింగ్ చేయించారు, ఎనిమిది పిల్లలు పుట్టాయి, ఎనిమిదీ పుష్టిగా పెరిగి మంచి ఇళ్లకు వెళ్లాయి.

నాలుగేళ్ల తర్వాత ఒక ఫోన్ వచ్చింది. "చీకటి పడితే మెట్లు దిగనంటోందండీ. పై మెట్టు మీద నిలబడి ముందు కాలు చాపుతుంది, గాలిలో తడుముతుంది, మళ్లీ వెనక్కి తీసుకుంటుంది. పగలు మాత్రం మామూలుగానే ఉంటోంది." కొన్ని నెలలకు ఇంకో ఇంటి నుంచి ఇంకో ఫోన్. ఆ కుక్క రాత్రిపూట గుమ్మానికి గుద్దుకుంటోంది, ఫొటో తీస్తే కళ్లు మరీ ఎక్కువగా మెరుస్తున్నాయి. కంటి డాక్టర్ చూసి పీఆర్‌ఏ అన్నాడు. రెటీనా కొద్దికొద్దిగా క్షీణించిపోయే జబ్బు ఇది. ముందు రేచీకటి వస్తుంది, తర్వాత పగటి చూపూ పోతుంది. నయం చేసే మందు లేదు.

"మావి రెండూ శుభ్రంగా ఉన్నాయి కదా!" అని ఆవిడ వాపోయింది. మగకుక్క యజమానీ అదే మాటన్నాడు. ఇద్దరిలో ఎవరూ అబద్ధం చెప్పలేదు. ఒక కుక్క ఆరోగ్యంగా ఉండటం వేరు, ఆరోగ్యమైన పిల్లల్ని ఇవ్వగలగడం వేరు. బ్రీడింగ్‌లో చిక్కంతా ఈ రెండింటినీ ఒకటే అనుకోవడం దగ్గర మొదలవుతుంది.

దాగి ఉన్న రెండో ప్రతి

ప్రతి జన్యువూ కుక్క ఒంట్లో రెండు ప్రతులుగా ఉంటుంది. ఒకటి తల్లి ఇచ్చింది, ఒకటి తండ్రి ఇచ్చింది. లాబ్రడార్లలో ఎక్కువగా కనిపించే రకం పీఆర్‌ఏ రావాలంటే ఆ రెండు ప్రతులూ చెడినవే కావాలి. ఒక్కటే చెడితే రెండోది పని నడిపించేస్తుంది. ఆ కుక్కకు జీవితాంతం చూపు బాగానే ఉంటుంది. కానీ తన పిల్లల్లో సగటున సగం వాటికి ఆ చెడిన ప్రతిని పంచుతుంది. ఇలాంటి కుక్కను క్యారియర్ అంటారు. బయటికి కనిపించే గుర్తు ఒక్కటీ ఉండదు. ఎంత పేరున్న డాక్టరైనా స్టెతస్కోప్ పెట్టి దీన్ని పట్టుకోలేడు.

రెండు క్యారియర్లను కలిపితే పుట్టే ప్రతి పిల్లకూ జబ్బు రావడానికి 25 శాతం అవకాశం. ఎనిమిదిలో కచ్చితంగా రెండింటికే వస్తుందని లెక్క కాదు. ఒక ఈతలో ఒక్కదానికీ రాకపోవచ్చు, ఇంకో ఈతలో నాలుగింటికి రావచ్చు. ఒకసారి క్షేమంగా దాటిపోతే "ఈ జత మంచిది" అని అదే జతను మళ్లీ మళ్లీ కలిపేవాళ్లు అందుకే ఉంటారు. అదే క్యారియర్‌ను క్లియర్ కుక్కతో, అంటే రెండు ప్రతులూ బాగున్న కుక్కతో కలిపితే జబ్బు ఒక్క పిల్లకూ రాదు. సగటున సగం క్యారియర్లు అవుతాయి, సగం క్లియర్ అవుతాయి.

ఇది తెలుసుకోవడానికి కావలసింది బుగ్గ లోపల దూది పుల్లతో రుద్ది తీసే స్వాబ్ ఒక్కటే. దాన్ని ల్యాబ్‌కు పంపిస్తే క్లియర్, క్యారియర్, ఎఫెక్టెడ్ (రెండు ప్రతులూ చెడినది) అని మూడింట్లో ఒక మాట వస్తుంది. పైన చెప్పిన ఈతకు ముందు రెండు కుక్కల్లో ఒక్కదానికైనా ఈ పరీక్ష చేయించి ఉంటే సంగతి తెలిసిపోయేది.

అయితే పరీక్ష చేయించేవాళ్లలో చాలామంది ఇక్కడే ఇంకో తప్పు చేస్తారు. క్యారియర్ అని రిపోర్టు రాగానే ఆ కుక్కను బ్రీడింగ్ నుంచి తీసేస్తారు. వినడానికి బాధ్యతగానే అనిపిస్తుంది. కానీ ఏదో ఒక చెడిన ప్రతిని మోయని కుక్క దాదాపు ఉండదు. పరీక్ష ఉన్న జబ్బుల సంగతే మనకు తెలుస్తోంది, లేనివి ఎన్ని ఉన్నాయో. క్యారియర్లన్నింటినీ పక్కన పెడుతూ పోతే చివరికి ఎలుకలున్నాయని ఇంటికి నిప్పు పెట్టుకున్నట్టవుతుంది. ఆ జబ్బుతో పాటు, ఆ కుక్కల్లో ఉన్న మంచి తుంటి, మంచి గుండె, నెమ్మది స్వభావం అన్నీ జాతిలోంచి పోతాయి. మిగిలిన కొద్ది కుక్కల మధ్యే జతలు కలపాల్సి వస్తుంది, అప్పుడు ఇప్పటిదాకా పేరు వినని జబ్బు తల ఎత్తుతుంది. మంచి క్యారియర్‌ను క్లియర్‌తో కలిపి, పుట్టిన పిల్లల్లో క్లియర్‌గా ఉన్న మంచిదాన్ని తర్వాతి తరానికి ఉంచుకోవడమే దారి. జబ్బు పోతుంది, వంశం మిగులుతుంది.

డీఎన్ఏ పరీక్షలు అమ్మే కంపెనీలు ఇప్పుడు ఒకే స్వాబ్‌తో వందల జబ్బులు చూసి పెడతామంటున్నాయి. ఆ పొడుగాటి జాబితా నిండా పచ్చ టిక్కులు చూస్తే ఎవరికైనా ధైర్యం వస్తుంది. కానీ అందులో చాలా జబ్బులు ఆ జాతిలో ఎప్పుడూ కనిపించనివే. కోలీ జాతిలో చూడాల్సింది ఎండీఆర్1 అనే జన్యువు. అది చెడిన కుక్కకు మామూలు కుక్కలు తట్టుకునే పురుగుల మందు ఐవర్‌మెక్టిన్ మోతాదులే విషమవుతాయి. ఇలా ఏ జాతికి ఆ జాతి జబ్బులుంటాయి. రెండు వందల టిక్కుల కంటే ఆ జాతికి సంబంధించిన నాలుగు ఫలితాలు విలువైనవి. పైగా రిపోర్టులో ఎఫెక్టెడ్ అని ఉన్నంత మాత్రాన జబ్బు వచ్చి తీరుతుందనీ లేదు. జర్మన్ షెపర్డ్‌ల వెన్నుపామును ముసలితనంలో దెబ్బతీసే డీజనరేటివ్ మైలోపతీనే తీసుకోండి. ఎస్ఓడీ1 అనే జన్యువులో రెండు ప్రతులూ చెడినా కొన్ని కుక్కలు ఏ ఇబ్బందీ లేకుండానే కాలం వెళ్లదీస్తాయి. కాబట్టి అది ప్రమాదాన్ని చెప్పే పరీక్షే కానీ, జబ్బు ఖాయమని చెప్పే పరీక్ష కాదు.

తుంటి ఎక్స్‌రే చెప్పేది, చెప్పనిది

పీఆర్‌ఏ సులువైన రకం. ఒక జన్యువు, ఒక పరీక్ష, ఒక జవాబు. తుంటి కీలు దగ్గరికి వచ్చేసరికి ఆ సుఖం ఉండదు. హిప్ డిస్‌ప్లాసియాలో తొడ ఎముక గుండు దాని గిన్నెలో బిగువుగా కూర్చోదు, వదులుగా ఆడుతూ అరుగుతుంది. దీని వెనక ఎన్నో జన్యువులు తలా కాస్త చేయి వేస్తాయి. వాటితో పాటు తిండి, బరువు, పెరిగే వేగం కూడా కలుస్తాయి. స్వాబ్ తీసి అవును, కాదు అని తేల్చే వీలు లేదు.

తిండి ప్రభావం ఎంతో చూపించిన ఒక అధ్యయనం ఉంది. 48 లాబ్రడార్ పిల్లలను ఒకే ఈతలోవి జంటలుగా విడదీసి, ఒకదానికి పెట్టేదాని కంటే రెండోదానికి 25 శాతం తక్కువ తిండి పెడుతూ జీవితాంతం గమనించారు. 2002లో ఫలితాలు వచ్చాయి. తక్కువ తిన్నవి మధ్యస్థంగా 13 ఏళ్లు బతికాయి, ఎక్కువ తిన్నవి 11.2 ఏళ్లు. తుంటి అరుగుదల కూడా సన్నగా ఉన్నవాటిలో ఆలస్యంగా, తక్కువగా కనిపించింది. (లాబ్రడార్లలో దాదాపు నాలుగో వంతుకు ఆకలిని అదుపు చేసే పీఓఎంసీ జన్యువులో ఒక ముక్క లేదని 2016లో తేలింది. కడుపు నిండినా గిన్నె దగ్గర నుంచి కదలకపోవడానికి అదొక కారణం. ఆ కళ్లు చూసి కరిగిపోవడం మాత్రం మన తప్పే.)

తుంటిని చూడాలంటే ఎక్స్‌రే తీయాలి. మత్తిచ్చి, వెల్లకిలా పడుకోబెట్టి, వెనక కాళ్లు రెండూ తిన్నగా లాగి పట్టుకుని తీస్తారు. కొంచెం వంకరగా పడుకోబెట్టినా బొమ్మ తప్పు చెబుతుంది. దాన్ని చదివి గ్రేడు ఇచ్చే పద్ధతులు దేశానికొకటి ఉన్నాయి. అమెరికాలో 1966లో మొదలైన ఓఎఫ్‌ఏ అనే సంస్థ రెండేళ్లు నిండాకే తుది గ్రేడు ఇస్తుంది. బ్రిటన్‌లో ఒక్కో తుంటికి 0 నుంచి 53 దాకా మార్కులు వేసి రెండూ కలుపుతారు, ఎంత తక్కువ వస్తే అంత మంచిది. యూరప్‌లో చాలాచోట్ల ఏ నుంచి ఈ వరకు అక్షరాలు ఇస్తారు. పెన్‌హిప్ అనే ఇంకో పద్ధతిలో కీలు ఎంత వదులుగా ఉందో కొలుస్తారు. దాన్ని నాలుగు నెలల వయసు నుంచే చేయవచ్చు.

ఈ గ్రేడు చేతిలో పట్టుకుని ఎలా ఆలోచించాలన్నదే అసలు ప్రశ్న. రెండు మగకుక్కలు ఉన్నాయనుకోండి. మొదటిదానికి తుంటి అద్భుతం, అంతకంటే పై గ్రేడు లేదు. కానీ దానితో పాటు పుట్టిన ఆరు తోబుట్టువులకూ ఎక్స్‌రే తీస్తే మూడింటికి డిస్‌ప్లాసియా ఉంది. రెండోదానికి మామూలు మంచి గ్రేడు. దాని అమ్మానాన్నలు, తోబుట్టువులు అన్నీ అదే తీరు, అద్భుతం లేదు, చెడూ లేదు. చూడగానే మొదటిదే నచ్చుతుంది. తీసుకోవాల్సింది రెండోదాన్ని. ఎన్నో జన్యువులు కలిసి నడిపే లక్షణంలో ఒక్క కుక్క ఫలితం అదృష్టం కొద్దీ వచ్చిందై ఉండవచ్చు. ఆ ఇంటి గింజ ఎలాంటిదో తోబుట్టువులు చెబుతాయి. మొదటి కుక్క ఎక్స్‌రే బాగున్నా దాని ఒంట్లో ఉన్న జన్యువులు మాత్రం ఆ మూడు కుంటి తోబుట్టువుల్లో ఉన్నవాటి లాంటివే.

పాడి పశువుల్లో ఈ ఆలోచన పాతదే. కోడె పాలివ్వదు కదా, అయినా దాని తల్లి, అక్కచెల్లెళ్లు, కూతుళ్ల పాలను లెక్కగట్టి దానికి ఒక అంకె ఇస్తారు. కుక్కల్లో తుంటికి, మోచేతికి కూడా ఇలా బంధువులందరి ఫలితాలు కలిపి అంచనా వేసే పద్ధతి కొన్ని దేశాల కెన్నెల్ క్లబ్బుల్లో (జాతి కుక్కలను నమోదు చేసే సంఘాల్లో) వచ్చింది. అది లేని చోట అడిగి తెలుసుకోవాల్సిందే. "మీ కుక్క ఎక్స్‌రే చూపించండి" అని అందరూ అడుగుతారు. "దాని తోబుట్టువుల్లో ఎన్నింటికి తీయించారు, ఎన్నింటికి బాగా వచ్చింది?" అని అడిగేవాళ్లు తక్కువ. బాగా రాని ఫలితాన్ని బయట పెట్టాలా వద్దా అన్నది చాలా పద్ధతుల్లో యజమాని ఇష్టానికే వదిలేశారు. అందుకని డేటాబేస్‌లో కనిపించే మంచి గ్రేడ్ల కంటే కనిపించని కుక్కలే నన్ను ఎక్కువ ఆలోచనలో పడేస్తాయి.

ఆలస్యంగా బయటపడేవి

కొన్ని జబ్బులు బ్రీడర్ కంటే ఓపికగా ఉంటాయి. డోబర్‌మన్ గుండె కండరం సాగి బలహీనపడే డీసీఎం సంగతి చూడండి. యూరప్ డోబర్‌మన్ల మీద 2010లో వచ్చిన అధ్యయనం ప్రకారం, జీవితకాలంలో సగానికి పైగా దీని బారిన పడతాయి. జబ్బు తరచుగా నడివయసులో బయటపడుతుంది, కొన్నిసార్లు మొదటి లక్షణం ఆడుతూ ఆడుతూ కుప్పకూలడమే. అప్పటికే ఆ మగకుక్కకు పదుల సంఖ్యలో పిల్లలు, ఆ పిల్లలకూ పిల్లలు పుట్టి ఉంటాయి. రెండేళ్లప్పుడు తీసిన ఎకో (గుండె స్కాన్) బాగుందంటే ఆ రోజుకు బాగుందనే అర్థం. అందుకే ఏటా ఎకో, దానితో పాటు 24 గంటలు గుండె లయను నమోదు చేసే హోల్టర్ కూడా పెట్టాలంటారు.

కావలియర్ కింగ్ చార్లెస్ స్పానియల్‌లో గుండె కవాటం జబ్బు అంతకంటే తొందరగా మొదలవుతుంది. దాని కోసం డాక్టర్లు ఒక నియమం చెప్పారు. రెండున్నరేళ్లు దాటేదాకా జత కలపొద్దు, అప్పటికి గుండెలో శబ్దం ఉండకూడదు, వాటి తల్లిదండ్రుల గుండె ఐదేళ్ల వయసులో కూడా శుభ్రంగా ఉండి ఉండాలి. నియమం చాలా మామూలుగా ఉంది కానీ, అందులో ఉన్న తెలివి గొప్పది. కుర్ర కుక్క ఎలాగూ సాక్ష్యం చెప్పలేదు కాబట్టి దాని తల్లిదండ్రులను సాక్ష్యానికి పిలుస్తోంది.

మూర్ఛ విషయంలో ఎక్కువ జాతులకు డీఎన్ఏ పరీక్షే లేదు. కారణం తెలియని మూర్ఛ సాధారణంగా ఆరు నెలలకూ ఆరేళ్లకూ మధ్య మొదలవుతుంది. అలాంటి చోట ఆయుధం ఒక్కటే, వయసు. నన్నడిగితే ఏడెనిమిదేళ్లు నిండి, ఇంకా హుషారుగా ఉన్న మగకుక్కను మించిన సర్టిఫికెట్ లేదు. కానీ గిరాకీ అంతా మొన్ననే ఛాంపియన్ అయిన రెండేళ్ల కుర్రదానికే ఉంటుంది.

ఒకే తండ్రి, వందల పిల్లలు

దగ్గరి రక్తం కలిస్తే ఏమవుతుందో లెక్క కట్టే పద్ధతిని సెవాల్ రైట్ అనే జన్యుశాస్త్రవేత్త 1922లో ఇచ్చాడు. దాన్నే సీఓఐ అంటారు. ఒక కుక్కలోని రెండు ప్రతులూ ఒకే పూర్వీకుడి నుంచి రెండు దారుల్లో వచ్చి కలిసే అవకాశం ఎంత అన్నదే ఆ అంకె. ఒకదానికొకటి సంబంధం లేని తల్లిదండ్రులకు పుట్టిన అన్నాచెల్లెళ్లను కలిపితే పిల్లల సీఓఐ 25 శాతం. తండ్రీ కూతుళ్లను కలిపినా అంతే. తండ్రి ఒకటై తల్లులు వేరైతే 12.5, అన్నదమ్ముల పిల్లలైతే 6.25.

పెడిగ్రీ (వంశావళి) కాగితంలో ఐదు తరాలు చూసి "మాది మూడు శాతమే" అని సంబరపడేవాళ్లు ఉన్నారు. ఐదు తరాల వెనక అన్నీ అవే నాలుగు కుక్కల సంతానమే అయితే ఆ మూడుకు అర్థం లేదు. 2021లో 227 జాతుల డీఎన్ఏను నేరుగా చదివి చూస్తే సగటు దాదాపు 25 శాతం వచ్చింది. అంటే సగటు జాతి కుక్క, కాగితం మీద ఎంత దూరపు సంబంధంలో పుట్టినా, జన్యువుల పరంగా అన్నాచెల్లెళ్ల బిడ్డతో సమానం.

ఇంత ఇరుకు ఎలా వచ్చింది? కారణాలు చాలా ఉన్నాయి. అన్నింటికంటే పెద్దది పేరున్న మగకుక్క. ఆడకుక్క జీవితం మొత్తంలో నాలుగైదు ఈతలు ఈనుతుంది. మగకుక్కకు ఆ హద్దు లేదు, దాచిన వీర్యం ఉంటే చనిపోయాక కూడా తండ్రవుతూనే ఉంటుంది. పెద్ద షో గెలిచిన మగకుక్కకు రెండు వందల పిల్లలు పుట్టాయనుకోండి. దానిలో ఎవరికీ తెలియని చెడిన ప్రతి ఒకటి ఉంటే దాదాపు వంద పిల్లలు క్యారియర్లు. ఛాంపియన్ కొడుకులని వాటికీ గిరాకీ ఉంటుంది. రెండు తరాలు గడిచేసరికి ఆ జాతిలో ఎవరిని ఎవరితో కలిపినా ఇరువైపులా అదే తాత ఎదురవుతాడు. అప్పుడు జబ్బు ఒక్కసారిగా పదిచోట్ల కనిపిస్తుంది. అందరూ "కొత్త జబ్బు వచ్చింది" అంటారు. నిజానికి అది ఆ తాతతోనే వచ్చింది, జంట దొరికే దాకా కనిపించలేదంతే.

దీనికి బ్రీడర్ చేతిలో ఒక చిట్కా ఉంది. ఛాంపియన్ నచ్చితే దాని అన్నదమ్ముల్లో పేరు లేనిదాన్ని వెతకండి. రక్తం అదే, పరీక్షలు బాగుంటే పిల్లలూ అంతే బాగుంటాయి, జాతి మాత్రం ఇంకాస్త వెడల్పుగా మిగులుతుంది. షో బహుమతి జన్యువుల్లోకి ఎక్కదు.

ఇరుకు చివరికి ఎక్కడికి చేరుతుందో నార్వేకు చెందిన లుండెహుండ్‌ను చూస్తే తెలుస్తుంది. కొండ చరియల్లో పఫిన్ పిట్టలను పట్టడానికి పెంచిన కుక్క ఇది, పాదానికి ఆరేసి వేళ్లుంటాయి. డిస్టెంపర్ అనే అంటువ్యాధి వచ్చి 1960లలో ఆరు కుక్కలే మిగిలాయి, అందులో ఐదు ఒకే తల్లి పిల్లలు. ఇప్పుడున్నవన్నీ వాటి సంతానమే. పేగుల్లోంచి ప్రొటీన్ కారిపోయే జబ్బు ఆ జాతిని విడవకుండా వెంటాడుతోంది. ఈతలో పిల్లల సంఖ్యా తగ్గిపోయింది. ఇప్పుడు పక్క జాతులతో కలిపి చూస్తున్నారు.

ఒక పాయింటర్, నలభై ఏళ్ల గొడవ

జాతి లోపల ఎంత జాగ్రత్తగా ఎంచుకున్నా కుదరని సందర్భం ఒకటుంది. దానికి డాల్మేషియన్ కంటే మంచి ఉదాహరణ నాకు దొరకలేదు.

మామూలు కుక్కల శరీరం యూరిక్ ఆమ్లాన్ని అలంటోయిన్ అనే తేలిగ్గా కరిగే పదార్థంగా మార్చి మూత్రంలో పంపేస్తుంది. డాల్మేషియన్‌లో యూరిక్ ఆమ్లాన్ని కణాల్లోకి తీసుకెళ్లాల్సిన వాహకం చెడింది. దాంతో అది మారకుండానే మూత్రంలోకి దిగుతుంది, గట్టిపడి రాళ్లవుతుంది. మగకుక్కల్లో మూత్రనాళం సన్నం కాబట్టి రాయి అడ్డుపడితే ప్రాణం మీదికి వస్తుంది. ఇది కొన్ని డాల్మేషియన్ల సమస్య కాదు. శుద్ధమైన జాతి అనుకున్న ప్రతి డాల్మేషియన్‌లోనూ రెండు ప్రతులూ చెడినవే. ఇంతవరకు మనం చెప్పుకున్న ఉపాయాలన్నీ ఇక్కడ చేతులెత్తేస్తాయి. క్లియర్ కుక్కతో కలపాలంటే ఆ జాతిలో క్లియర్ కుక్కే లేదు. లేనిదాన్ని ఎంచుకోవడం ఎవరివల్లా కాదు.

1973లో రాబర్ట్ షైబిల్ అనే జన్యుశాస్త్రవేత్త పాయింటర్ అనే వేరే జాతి కుక్కను ఒక డాల్మేషియన్‌తో కలిపాడు, ఒక్కసారి. పుట్టిన పిల్లల్లో యూరిక్ ఆమ్లం మామూలుగా ఉన్నదాన్ని ఎంచి మళ్లీ డాల్మేషియన్‌తో కలిపాడు. వాటి పిల్లల్లోనూ అలాగే ఎంచి మళ్లీ డాల్మేషియన్‌తో. ఒక్కో తరానికి పాయింటర్ వాటా సగమవుతూ వస్తుంది. ఐదో తరానికి లెక్క ప్రకారం మూడు శాతం చిల్లర మిగిలింది. చూడటానికి అవి డాల్మేషియన్లే. 1981లో అమెరికన్ కెన్నెల్ క్లబ్ అలాంటివి రెండింటిని రిజిస్టర్ చేసింది. జాతి క్లబ్బులో పెద్ద దుమారం రేగింది. రక్తం కల్తీ అయిందన్నారు. తలుపులు మూసేశారు. కొద్దిమంది పట్టు వదలకుండా ఆ వంశాన్ని అలా నడిపించుకుంటూ వచ్చారు. 2008లో తప్పు ఎస్ఎల్‌సీ2ఏ9 అనే జన్యువులో ఉందని తేలింది, దాంతో ఏ పిల్లకు మంచి ప్రతి వచ్చిందో స్వాబ్‌తో చెప్పే వీలు దొరికింది. 2011లో అమెరికన్ క్లబ్ మళ్లీ తలుపు తెరిచింది. మొదటి జత నుంచి లెక్కేస్తే 38 ఏళ్లు. మూడు శాతం పాయింటర్ కోసం ఇంత గొడవ పడ్డవాళ్లకు, నూటికి నూరు శాతం పాడైన జన్యువుతో మాత్రం పేచీ లేకపోయింది.

ఈ కథ విని "అయితే ఏ రెండు జాతులనైనా కలిపేస్తే చాలు" అనుకుంటే మళ్లీ మొదటికొస్తాం. పైన చెప్పిన రకం పీఆర్‌ఏ లాబ్రడార్‌లోనూ ఉంది, పూడుల్‌లోనూ ఉంది, కాకర్ స్పానియల్‌లోనూ ఉంది, అదే మార్పు. క్యారియర్ లాబ్రడార్‌ను క్యారియర్ పూడుల్‌తో కలిపితే పుట్టే లాబ్రడూడుల్‌కు 25 శాతం అవకాశం అలాగే ఉంటుంది. "ఇవి క్రాస్ బ్రీడ్ అండీ, పరీక్షలు అక్కర్లేదు" అన్న మాట ఎక్కడ వినబడినా లేచి వచ్చేయడం మంచిది. షైబిల్ చేసింది ఒక జన్యువు కోసం, దాన్ని ప్రతి తరంలో కొలుచుకుంటూ.

ఆకారమే జబ్బైతే

ఇంతదాకా చెప్పినవి దాక్కునే జబ్బులు. కళ్లెదుట ఉండి కూడా ఎవరూ జబ్బనుకోనివి కొన్ని ఉన్నాయి. పగ్, ఫ్రెంచ్ బుల్‌డాగ్, ఇంగ్లిష్ బుల్‌డాగ్‌ల మూతి తరతరాలుగా పొట్టి చేసుకుంటూ వచ్చారు. ఎముక కుంచించుకుంది కానీ లోపలి మెత్తని అంగిలి, నాలుక ఆ మేరకు తగ్గలేదు. ఉన్న చోటులోనే కుక్కుకుని గాలి దారికి అడ్డం పడతాయి. నిద్రలో గురక పెడుతుంటే ముద్దొస్తోందని వీడియో తీస్తాం. అది ఊపిరి కోసం పడే పాట్లు.

2019లో బ్రిటన్ కెన్నెల్ క్లబ్, కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయం కలిసి దీనికో పరీక్ష తెచ్చాయి. ఖరీదైన యంత్రాలేమీ లేవు. డాక్టర్ ముందు కుక్క గొంతు మీద స్టెతస్కోప్ పెట్టి వింటాడు. తర్వాత దాన్ని మూడు నిమిషాలు చురుగ్గా నడిపిస్తారు. పరుగు కాదు, ఆరోగ్యమైన కుక్కకు ఒక లెక్కలోనిది కాదు. వెంటనే మళ్లీ వింటాడు. కూర్చున్నప్పుడు నిశ్శబ్దంగా ఉన్న గొంతులో ఇప్పుడు గరగర వినిపించవచ్చు, నాలుక నీలం తిరగవచ్చు, కొన్ని కుక్కలు మధ్యలోనే కూలబడతాయి. 0 నుంచి 3 దాకా గ్రేడు ఇస్తారు. 3 వచ్చినదాన్ని బ్రీడింగ్‌కు వాడొద్దంటారు. యజమాని "మాది బాగానే ఊపిరి తీసుకుంటుంది" అని ఎంత నమ్మకంగా చెప్పినా ఈ మూడు నిమిషాలు నిజం చెప్పేస్తాయి.

ఈనడం కూడా అంతే. బ్రిటన్‌లో 2010లో ప్రచురించిన ఒక సర్వేలో ఇంగ్లిష్ బుల్‌డాగ్, ఫ్రెంచ్ బుల్‌డాగ్, బోస్టన్ టెరియర్‌లలో 80 శాతానికి పైగా ఈతలు సిజేరియన్‌తోనే జరిగాయి. తల పెద్దది, తల్లి కటి ఇరుకు. నార్వేలో ఈ వ్యవహారం కోర్టుకెక్కింది. 2022లో ఓస్లో జిల్లా కోర్టు ఇంగ్లిష్ బుల్‌డాగ్, కావలియర్ బ్రీడింగ్ జంతు సంక్షేమ చట్టానికి విరుద్ధమంది. పై కోర్టులో బుల్‌డాగ్ విషయంలో తీర్పు మారింది, కావలియర్ విషయంలో నిలబడింది.

రంగుతో వచ్చే చిక్కు ఒకటి చెప్పి ఊరుకుంటాను. మచ్చలు మచ్చలుగా నీలి బూడిద రంగులో ఉండే మెర్ల్ చాలామందికి ఇష్టం. రెండు మెర్ల్‌లను కలిపితే 25 శాతం పిల్లలకు ఆ జన్యువు రెండు ప్రతులూ వస్తాయి. అవి తరచుగా తెల్లగా పుడతాయి, చాలావాటికి చెవుడు, కొన్నింటికి కంటి లోపాలు. దీనికి క్షమాపణ లేదు, ఎందుకంటే ఇది ముందే తెలిసిన లెక్క.

తల్లి సంగతి

మగకుక్క గురించి ఇన్ని మాటలనుకుంటాం కానీ, పిల్లలు తొలి రెండు నెలలూ చూసేది తల్లిని. మనిషి గుమ్మంలోకి రాగానే వణికి మంచం కిందికి దూరే తల్లి దగ్గర పెరిగిన పిల్లలు ఆ వణుకు నేర్చుకుంటాయి. కొంత రక్తంలోనూ వస్తుంది. భయం, దూకుడు ఉన్నదాన్ని ఎక్స్‌రే ఎంత బాగున్నా పక్కన పెట్టాలి. ఈ విషయంలో నాకు రెండో ఆలోచన లేదు.

మొదటి ఎదలో జత కలపడం తప్పు. అప్పటికి అది తనే పెరుగుతున్న పిల్ల, తుంటి తుది గ్రేడు కూడా రాదు. ప్రతి ఎదకూ ఈనించడమూ తప్పే. క్రాసింగ్‌కు ముందు రెండింటికీ బ్రూసెల్లా పరీక్ష చేయించాలి. ఈ బ్యాక్టీరియా గర్భాలు పోగొడుతుంది, మగకుక్కను వంధ్యం చేస్తుంది, మనుషులకూ అంటుతుంది. పూర్తిగా వదిలించే నమ్మకమైన చికిత్స లేదు. ఎద వచ్చాక రోజులు లెక్కబెట్టి "పదకొండో రోజు కలిపేద్దాం" అనే పాత పద్ధతి కంటే రక్తంలో ప్రొజెస్టిరాన్ హార్మోన్ చూసుకోవడం మేలు. అండం విడుదలైన రోజు తెలిస్తే అక్కడి నుంచి 63 రోజులకు, ఒకటి అటూ ఇటూగా, ఈనుతుందని ముందే చెప్పవచ్చు. రాత్రి రెండింటికి డాక్టర్‌ను లేపాల్సి వచ్చినప్పుడు ఆ తేదీ విలువ తెలుస్తుంది.

మొదట చెప్పిన లాబ్రడార్ ఆవిడ దగ్గరికి మళ్లీ వస్తాను. రెండో ఫోన్ వచ్చిన వారం ఆవిడ పాత నోట్‌బుక్ తీసింది. ఎనిమిది పిల్లలూ ఏ ఇంటికి వెళ్లాయో అందులో రాసి ఉంది. రెండింటికి జబ్బు బయటపడింది, మిగిలినవి ఆరు. అమ్మానాన్నలు రెండూ క్యారియర్లని తేలింది కాబట్టి, చూపు బాగుండే ప్రతి తోబుట్టువూ క్యారియర్ కావడానికి మూడింట రెండు వంతుల అవకాశం. ఆ ఆరు ఇళ్లకూ ఆవిడే ఫోన్ చేసింది. కొందరు విసుక్కున్నారట, ఒకాయన డబ్బు వెనక్కి ఇమ్మన్నాడట. ఐదో ఫోన్‌లో ఎత్తినామె సంతోషంగా, "నేనే చేద్దామనుకుంటున్నానండీ, మాదానికి వచ్చే నెల క్రాసింగ్ పెట్టుకున్నాం, మగది కూడా మీరు చెప్పిన ఛాంపియన్ కొడుకే" అందట.

"తారీఖు ఆపండమ్మా," అందట ఈవిడ. "ముందు రెండింటికీ బుగ్గలో స్వాబ్ తీయించండి. ఖర్చు నేను పెట్టుకుంటాను."